టైటిల్స్‌లో పడని దానియేలు

"మేకప్: ధనరాజ్" అని ముప్ఫై సినిమాల్లో తెరమీద పడిన పేరు నేను పెట్టింది. కన్నవాళ్లు పెట్టింది దానియేలు. మెదక్ వైపు మనిషి, కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుని ఉంటాడు. స్పాంజి చేతబట్టాడంటే ఎంత పేచీకోరు హీరోయినైనా కళ్లు మూసుకుని ముఖం అప్పగించేస్తుంది.

పద్దెనిమిదేళ్ల క్రితం, నేను కో-డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో, అతని మొదటి సినిమాకి టైటిల్స్ లిస్టు రాస్తున్నాను. మా ఫిల్మ్‌నగర్‌లో టైటిల్స్ అంటే సెంటిమెంట్ల పుట్ట. అక్షరాలు లెక్కపెట్టించి పేర్లు మార్చుకునేవాళ్లే సగం మంది. అతని పేరు దగ్గర నా పెన్ను ఆగింది. నిర్మాత ఏమీ అనలేదు. ఎవరూ అనలేదు. చర్చి పేరు తెరమీద పడుతుందంటే నాకే ఏదోలా అనిపించింది, అంతే.

"దీనికి అర్థమేంటయ్యా?" అన్నాను.

"హెబ్రీ పేరు సార్. దేవుడే నా న్యాయాధిపతి అని."

"టైటిల్స్‌లో న్యాయాధిపతులెందుకు? మనకి ధనం కావాలి. ధనరాజ్ అని వేస్తున్నా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"మా అవ్వ చూడనీకి వస్తది సార్, జర..." అని ఆగిపోయాడు. అప్పట్లో నేను వద్దన్నవాడికి మర్నాడు పని ఉండేది కాదు.

వాళ్లమ్మ నీలమ్మ వచ్చింది. ఆమెకి చదువు రాదు. బైబిల్లో చూపించి కొడుకు పేరొక్కటి గుర్తుపట్టడం నేర్పారట. టాకీసులో పేర్లన్నీ పోయేదాకా కళ్లార్పకుండా కూర్చుని, "నీ పేరు రాలే గద బిడ్డా" అందట. "మర్సిపోయిన్రు అవ్వా, మల్ల సినిమాకు ఏస్తరు" అన్నాడట. నా సంగతి చెప్పలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇదంతా తెలిసీ నేను ఏ లిస్టులోనూ ఆ పేరు దిద్దలేదు. అంత సిగ్గులేని మనిషిని.

మొన్న జూబ్లీహిల్స్‌లో మా ఇంట్లో మనవడి బారసాల. పొద్దున్నే వచ్చి మా అమ్మాయి మనోజ్ఞకు మేకప్ చేసింది ధనరాజే. పంతులుగారు చెప్పిన నక్షత్రం పేరు అయ్యాక, అల్లుడు బియ్యంలో ఉంగరంతో పిలిచే పేరు రాశాడు. డానియల్.

"హీబ్రూ పేరు. ఇప్పుడు ఏ దేశంలో చూసినా ఇదే. మా ఆఫీసులోనే ఇద్దరు పెట్టుకున్నారు" అంటూ అమ్మాయి ఫోన్లో చూసి అర్థం చదివింది. "దేవుడే నా జడ్జి అట!"

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తల ఎత్తాలంటే భయమేసింది. ఎత్తితే, గోడవారగా నిలబడి అతనూ చప్పట్లు కొడుతున్నాడు.

"పేరెలా ఉంది అంకుల్?" అని అతన్నే అడిగింది మనోజ్ఞ.

"మస్తుగున్నది అమ్మా. ఎవ్వలు జెప్పినా మార్చకుండ్రి."

నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

మేకప్ పెట్టె పట్టుకుని అతను గేటు దాటుతుంటే వెనకే పరుగెత్తాను. క్షమించమని అడగాలి. ఆ పేరుతోనే పిలిచి అడగాలి.

"దానియేలూ!" అని అరిచాను.

ఆగలేదు.

"వాడిప్పుడే పడుకున్నాడు నాన్నా" అని లోపల్నించి మనోజ్ఞ కేకేసింది.

మళ్లీ పిలిచాను. అతను బండి స్టార్ట్ చేస్తున్నాడు. ఇంకెవర్నో అనుకున్నాడు.

చివరికి, "ధనరాజ్!" అన్నాను.

చటుక్కున తిరిగాడు. "జెప్పుండ్రి సార్."