రెండడుగుల పొరపాటు

మా టైలరు బాబాయి ఈ ప్రపంచంలో దేన్నీ కొలవకుండా నమ్మడు. మెడలో టేపు లేకుండా ఆయన పెళ్లి ఫొటో కూడా లేదు. ఎదురుపడితే బాగున్నావా అని అడగడు. "ఎడమ భుజం అరంగుళం జారిందే, ఇంట్లో గొడవా?" అంటాడు. నిజంగానే గొడవై ఉండేది, అదే విడ్డూరం. నలభై ఏళ్లలో ఒక్క కొలతా తప్పలేదని ఆయనకెంత గర్వమో మా వీధికీ అంతే.

మా వీధి వెడల్పు చేశాక బండ్లు కన్నూమిన్నూ కానకుండా పోతున్నాయి. ఈ పక్క మా అమ్మ, ఆ పక్క పెద్దమ్మ. అమ్మకి ఆయాసం. నేను దాటిస్తానన్నా, సగంలో ఊపిరాడకపోతే నడిరోడ్డు మీద ఎక్కడ కూర్చోనురా అనేది. పెద్దమ్మేమో తనకి ఏ నొప్పీ లేదని, బండ్లు తగ్గాక వస్తానని చెప్పేది. అలా రెండేళ్లు ఎదురెదురు కిటికీల్లో కూర్చుని ఫోన్లో మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక అమ్మ, "అక్క చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లైందో" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకా రోడ్డును తవ్విపారేయాలనిపించేది.

అప్పుడొచ్చింది కొత్త ఇంజనీరమ్మ. నడిచేవాళ్లే రోడ్డు గీయాలంది. దాటేవాళ్లు ఆగడానికి మధ్యలో బెంచీతో ఒక దిమ్మె కట్టిస్తాను, ఎక్కడో మీరే గీయండి అని తలా ఒక సుద్దముక్క ఇచ్చింది. బాబాయి తన సుద్ద తనే తెచ్చుకుంటానన్నాడు.

ఆ వారం ఆయన జాకెట్టు కొలతలకని మా ఇంటికొచ్చి, అమ్మని వంటింటి నుంచి వీధిగుమ్మం దాకా నడవమన్నాడు. జాకెట్టుకి నడకెందుకని అడిగాను.

"కుట్టేది నువ్వా, నేనా?" అన్నాడు. మా ఇంట్లో పని కాగానే పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు.

గీసే రోజు వీధంతా రోడ్డు మీదే ఉంది. కిరాణా ఆయన బెంచీ తన కొట్టు ముందుండాలన్నాడు, స్కూటరు ఆయన అసలే వద్దన్నాడు. ఇద్దరూ అరిచి అలిసిపోయాక బాబాయి వంగి ఒక దిమ్మె గీశాడు. ఇంజనీరమ్మ కొలిచి, అది సరిగ్గా మధ్యలో లేదని, పెద్దమ్మ ఇంటి వైపు జరిగిందని చెప్పింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు.

"తప్పింది. వయసైంది కదమ్మా," అన్నాడు బాబాయి. "కానీ గీసింది చెరపడం నాకు అలవాటు లేదు."

ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. మా వైపు మిగిలే చోటు బండ్లు ఆపుకోవడానికి పనికొస్తుందని, సరేననేవాళ్లు చెయ్యెత్తమని అంది. స్కూటరు ఆయన చెయ్యే ముందు లేచింది. ఆ రోజు నుంచి బాబాయిని ఏడిపించనివాడు లేడు.

దిమ్మె పూర్తయ్యాక అమ్మ బయల్దేరింది. లెక్కపెడుతూ పక్కనే నడిచాను. పదకొండో అడుగుకి ఆయాసం వచ్చింది, బెంచీ అందింది. అటు నుంచి పెద్దమ్మ ఏడో అడుగులో మోకాలు పట్టేసి, అదే బెంచీ మీద కూలబడింది. మధ్యలో కట్టి ఉంటే ఆవిడకి అందేది కాదు.

నేను ఆ పక్కనే ఉన్న బాబాయి షాపుకి పరుగెత్తాను. "బాబాయ్, నువ్వు కొలత తప్పలేదు."

"మెల్లగా అనరా. మోకాళ్ల సంగతి వీధికి తెలిస్తే మీ పెద్దమ్మ నన్ను బతకనిస్తుందా?"

బయట బెంచీ మీద అమ్మ అంటోంది, "అన్నీ ఫోన్లోనే చెప్పేశాం కదే అక్కా, ఇప్పుడేం మాట్లాడుకోవాలి?"

"ఏం మాట్లాడకు. చెయ్యి ఇలాగే ఉండనీ."

ఇంతలో కిరాణా ఆయన గుమ్మంలోకొచ్చి, ఎంత తప్పావేంటి టైలరూ అని నవ్వాడు. బాబాయి తలొంచుకుని బొత్తాం కుడుతూనే, "కచ్చితంగా రెండడుగులు," అని ఒప్పుకున్నాడు.