ఎడమ సీటు

నాచారంలో మా మెకానిక్ షెడ్డుకు ఒక సారు తన ర్యాలీ పందేల కారు తెచ్చేవాడు. ఉండేది ఉప్పల్‌లో, చేసేది కంప్యూటర్ ఉద్యోగం, ప్రాణం మాత్రం కంకర రోడ్ల మీద. ఆ కారు కింద పడుకున్నంత నేను ఇంట్లో మంచం మీద కూడా పడుకోలేదు. నాతోపాటే పనిచేసేవాడు మా బావమరిది, నా భార్యకు తమ్ముడు. మాటకు పన్ను కట్టాలేమో అన్నంత పొదుపు వాడికి.

ఒకరోజు సారు, ఇతర దేశాల వాళ్లు కూడా దిగే పెద్ద మట్టి రోడ్డు ర్యాలీకి వెళ్తున్నానని చెప్పాడు. ఎడమ సీట్లో కూర్చుని, రాబోయే మలుపులను కాగితం చూసి ముందే చదివి చెప్పే మనిషి కావాలట.

"మీ ఇద్దరిల ఎవరొస్తరు?"

"అడుగుడేంది సార్, నోరున్నది నాకే గద," అన్నాను.

బడి ఏడో తరగతిలోనే వదిలేశాను గానీ వాగుడు వదల్లేదు. దేవుడు ఇంత నోరు ఈ సీటు కోసమే ఇచ్చాడని నమ్మాను.

ఆదివారం నాగారం దాటాక, ఇంకా ఇళ్లు కట్టని ఒక ప్లాట్ల వెంచర్ మట్టి రోడ్ల మీద సారు పరీక్ష పెట్టాడు. ముందు నేను. మొదటి మలుపు బాగానే చదివాను. రెండోదానికి కారు అడ్డంగా జారింది, నా చూపు కాగితం మీంచి రోడ్డు మీదికి జారింది. ఇక ఆగలేదు.

"సార్, గా నీళ్ల ట్యాంకు కనవడ్తుందా? గది దాటినంక బర్రెలుంటయ్, గా బర్రెల కాడ లెఫ్ట్ కొట్టు!"

బర్రెలు ఎప్పుడో లేచి వెళ్లిపోయాయి. మేం నేరుగా తంగేడు పొదల్లో దూరి ఆగాం.

సారు హెల్మెట్ తీశాడు. "అన్నా, నువ్వు అడ్రస్ చెప్తున్నవ్."

తర్వాత బావమరిది ఎక్కాడు. వాడు తల ఎత్తనే లేదట. మలుపు, గుంత, మలుపు. తిరిగొచ్చాక సారు వాడికి చెయ్యిచ్చాడు. నా చేతికి రెంచీ ఇచ్చాడు.

ఆ రాత్రి మా ఆవిడ కోడికూర చేసి, తమ్ముడికి సీటు దొరికిందని గల్లీ అంతా చెప్పి వచ్చింది.

"సీట్ల కూసొని కాగితం సదువుడు గూడ ఒక పనేనా?" అన్నాను.

"మరి నువ్వెందుకు సదవలే?"

కూర గిన్నె నా వైపు లాక్కున్నాను.

వాడికి నిప్పంటని సూటు వచ్చింది, ఛాతీ మీద పేరు కుట్టి. "గ్యాస్ బండలు ఏస్తవారా?" అన్నాను. షెడ్డంతా నవ్వింది. వాడూ నవ్వాడు. అదే మండింది నాకు. కోపం తెచ్చుకుని ఉంటే కొంచెమైనా చల్లబడేవాణ్ణి.

ర్యాలీ మొదటి రోజు సాయంత్రం ఫోన్ చేశాడు.

"బావ, హెల్మెట్ల కక్కుకున్న. ఒకటే దుమ్ము, ఒకటే జారుడు. కక్కుకుంటనే సదివిన."

నేను నవ్విన నవ్వుకు పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చారు. ఎన్నాళ్లకో కడుపు నిండింది.

"గంత కష్టమెందుకురా, వచ్చెయ్. నేనొస్త."

"లే బావ. రేపు పొద్దుగాల మల్ల ఉన్నది. ఒక్క మలుపు గూడ ఇడిసిపెట్టలేదని సారు మస్తు ఖుష్ అయిండు."

ఫోన్ పెట్టేసి చాయ్ హోటల్‌కు వెళ్లాను. వాడు కక్కిన కథను నటించి మరీ చెప్పి, అందరినీ పడీపడీ నవ్వించాను. చెబుతున్నంతసేపూ, ఆ హెల్మెట్‌లో కక్కినవాణ్ణి నేనైతే ఎంత బాగుండేదని లోపల ఏడుస్తూనే ఉన్నాను.