బల్ల తీసుకోవడానికి వచ్చిన మనిషి

మా ముత్తాత ఇశ్రాయేలు గారు రైల్వేలో మెయిల్ గార్డు. తాత దానియేలు గారు చర్చిలో సంఘపెద్ద. ఖరగ్‌పూర్‌లో కొత్తగా దిగిన తెలుగువాడు, ఏ కులమైనా ఏ మతమైనా, ముందు మలంచాలోని మా ఇంట్లో పెద్ద టేకు బల్ల దగ్గర అన్నం తిని, ఆ తర్వాతే అద్దె ఇల్లు వెతుక్కునేవాడు. అంతటి వంశం పరువు నేను ఒక్క ఆదివారం పొద్దున ఎలా తీశానో వినండి.

అప్పటికి మేం తాల్‌బగీచాలో రెండు గదుల్లోకి మారాం. ఒక గదిలో బల్ల ఉండేది, రెండో గదిలో మేం ఉండేవాళ్లం. "అమ్మేద్దామండీ" అని మా ఆవిడ రూతు అన్నప్పుడల్లా నేను గట్టిగా దగ్గేవాణ్ణి. ఆ దగ్గును ఆవిడ అంగీకారంగా తీసుకుందని నాకేం తెలుసు?

ఆ రోజు రూతు పాటల బృందంతో ముందే గుడికి వెళ్లిపోయింది. నేను బయల్దేరుతుంటే గుమ్మంలో ఎవరో కొత్త మనిషి.

"బల్ల తీసుకుందామని వచ్చినాను బాబూ. ఝపటాపూర్ నుంచి."

మా క్రైస్తవుల వాడుకలో బల్ల తీసుకోవడమంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. మా గుడిలో అది నెల మొదటి ఆదివారం. అంటే ఆ రోజే! తాతగారి రక్తం నాలో ఉప్పొంగింది.

"బాప్తిస్మం అయిందా, బ్రదర్?"

"ఏటి?"

"నీళ్లలో మునిగారా అని."

"పొద్దున్నే తానం సేసినాను."

"మిమ్మల్ని మీరు పరీక్షించుకున్నారా?"

"నన్నెందుకు బాబూ? బల్లని కదా పరీక్షించాల!"

ఆహా, ఎంత లోతైన విశ్వాసి అనుకున్నాను. "పదండి గుడికి."

"బల్ల అక్కడుందేటి?"

"ఇంకెక్కడుంటుంది?"

ప్రసంగమంతా ఓపిగ్గా కూర్చున్నాడు. బల్లకు పిలుపు రాగానే అందరికన్నా ముందు లేచాడు. మోకరించాడనే అనుకున్నాను. తెల్లగుడ్డ ఎత్తి, కింద తల దూర్చి, వేలి కణుపుతో టక్ టక్‌మని కొట్టాడు.

"ఇది మామిడి సెక్క బాబూ! టేకని సెప్పినారు?"

పాస్టరుగారి చేతిలో రొట్టె ఆగిపోయింది. పాటల వరసలోంచి రూతు అరిచింది.

"ఏటండీ ఇది! ఆయన్ని రమ్మన్నది మనింటి బల్లకండీ! పాత సామాన్లు కొంటాడు!"

ముత్తాత గారి పరువు ఆ గుడి మధ్యలో పట్టాలు తప్పింది. నేను మాత్రం వీపు నిటారుగా నిలబెట్టి, సంఘమంతా వినేలా, "ముందు మా ఇంట్లో భోజనం. బేరం తర్వాత" అన్నాను.

ఇంట్లో ఆ టేకు బల్ల దగ్గరే కూర మూడోసారి వడ్డించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలు బాబూ. దీన్ని మొయ్యాల కదా!"

బైబిలు వాక్యం ఒట్టు పెట్టుకోవద్దంటుంది కనుక గంభీరంగా తీర్మానం మాత్రం చేసుకున్నాను: బల్ల కోసం వచ్చానన్నవాణ్ణి ఏ బల్లో అడగకుండా ఇక గుడి మెట్లు ఎక్కించను. భోజనం మాత్రం అడక్కుండానే పెడతాను, చాప మీద.

కుర్చీలు కూడా బల్లతోనే అమ్మేశాం.