ఇసుకలో సారు కూర్చున్న చోటు

మా డ్రిల్లు సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను నెల్లికుదురులో నా మందుల దుకాణంలో ఉన్నాను. ఒకామెకు దగ్గు మందు ఎన్ని మూతలు తాగాలో చెబుతూ సగంలో ఆగిపోయాను. పొద్దున్నే బూట్ల తాళ్లు కట్టుకుంటూ కూలబడ్డారట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. గుండె అని ఫోను చేసినతను అన్నాడు. ఆ సంగతి నాకు ఎనిమిది నెలలుగా తెలుసు.

సారు గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా సైకిల్ జట్టువాళ్లు అడిగారు. మంచి మాటలకు కొదవ లేదు. అయితే రాయడానికి కూర్చున్నాక నాకు తెలిసిన ఆ ఒక్క సంగతి దాటి ముందుకు పోలేకపోతున్నాను.

హైస్కూల్లో నాకు డ్రిల్లు నేర్పింది ఆయనే. పరుగు పందెంలో గెలిచినవాడి భుజం తట్టి వదిలేసేవారు. చివరివాడు వచ్చేదాకా మాత్రం గీత దగ్గర చేతులు వెనక కట్టుకుని నిలబడేవారు. ఆ చివరివాడిని చాలాసార్లు నేనే. రిటైరయ్యాక ఆదివారాలు సైకిల్ తొక్కే జట్టు ఒకటి కట్టారు. జనగామ, నర్మెట్ట, భూపాలపల్లి దాకా మనుషులు పోగయ్యారు. ఎంత దూరం పోయినా ఆయన అందరికంటే వెనకే వచ్చేవారు. "ఎనుకున్నోడు రాకుంటే మనం చేరనట్టే" అనేవారు. నేను వెనకబడితే పక్కకు వచ్చి, "ఏందిరా, తొక్కుతున్నవా, సైకిల్‌ను జోకొడుతున్నవా?" అని ఆటపట్టించేవారు.

పోయిన చలికాలం సముద్రం ఒడ్డున ఐదు రోజులు తొక్కుదామన్నది కూడా ఆయనే. "అరవై దాటినయ్. సముద్రం పొంటి ఒక్కసారన్న తొక్కకుంటే ఎట్ల?" అన్నారు. ఏడుగురం మహబూబాబాద్‌లో రైలెక్కి విశాఖలో దిగాం. భీమిలి మీదుగా బారువ దాకా పోవాలని అనుకున్నాం. కుడిచేతి వైపు రోజంతా సముద్రమే. ఎడమవైపు ఎర్రమట్టి దిబ్బలు, జీడిమామిడి తోటలు. ప్రతి ఎత్తు దగ్గరా సారు దిగి, "జర ఆగుండ్రి, చూద్దాం" అనేవారు. ఆయన అందం చూస్తున్నారనుకున్నాను. పొద్దస్తమానం గుండె మందులు అమ్మేవాడిని, మనిషి ఊపిరి కూడబెట్టుకుంటున్నాడని గుర్తుపట్టలేకపోయాను.

మూడో రోజు మేమొక తప్పు చేశాం. సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లు చేయని తప్పు. మా వైపు ఎండాకాలం చెరువు ఎండితే నడుమలోంచే అడ్డంగా తొక్కేస్తాం, దూరం తగ్గుతుంది. అక్కడ రోడ్డు ఊళ్ల చుట్టూ తిరిగి పోతోంది, సముద్రం అంచున తడి ఇసుక మాత్రం గట్టిగా, నున్నగా ఉంది. "గిది మన చెరువు లెక్కనే ఉన్నది, దిగుండ్రి" అన్నాడు భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే అన్న. దిగాం. ఒకచోట ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంటే మోకాలి లోతు నీళ్లలో సైకిళ్లు భుజానికెత్తుకుని దాటాం. ఇంకొంత దూరంలో మరో ఏరు వచ్చింది, దాటే లోతు కాదు. వెనక్కి తిరిగి వచ్చేసరికి మోకాలి లోతు కాస్తా ఛాతీ లోతయింది. వెనకా ముందూ నీళ్లే. మాలో ఈత వచ్చినవాడు ఒక్కడు లేడు. అవతలి ఒడ్డున వల సర్దుకుంటున్న ముసలాయన కేకేసి చెప్పాడు: "పోటు మీదుంది బాబూ. తగ్గీదాకా కదలకండి. దిగితే లాగేస్తాది."

ఆ ఇసుక తిప్ప మీద నాలుగు గంటలు ఉన్నాం. సారు అందరికీ దూరంగా పోయి కూర్చున్నారు. ఎండ దెబ్బేమోనని దగ్గరకు పోయాను. జేబులోంచి చిన్న డబ్బీ తీసి, గోలి ఒకటి నాలుక కింద పెట్టుకుంటున్నారు. ఆ గోలి ఎందుకో నాకు ఒకరు చెప్పాలా?

"ఎన్ని రోజులసంది సార్?"

"నీ దుకాణంల కొంటే నీకు తెలుస్తదని మహబూబాబాద్ పోయి తెచ్చుకుంటున్న. గిక్కడ దొరికిపోయిన."

"ఇంట్ల చెప్పిన్రా?"

"చెప్తే మా ఆమె సైకిల్‌కు తాళమేసి చెవి కొంగున కట్టుకుంటది. అరుగు మీద కూసోవెట్టి వచ్చినోళ్లందరికి చూపిస్తది. గట్ల నేనుండలేనురా. ఎవ్వలకు చెప్పనని ఒట్టెయ్."

చెయ్యి చాపారు. ఒట్టేశాను. వేస్తూనే ఆయన మీద కోపం వచ్చింది. పోటు నాలుగు గంటల్లో తీసింది. సారు వేయించుకున్న ఒట్టులోంచి మాత్రం నేను బయటపడలేదు. మిగిలిన రెండు రోజులు ఆయన వెనక నేను తొక్కాను. ఎందుకో ఆయనకు తెలుసు.

ఊరికి వచ్చాక వరంగల్ పోయి పరీక్షలు చేయించుకుందామని ఎన్నోసార్లు బతిమాలాను. "వానలు పోనియ్యి" అన్నారు. ఆ వానల్లోనే ఒకరోజు వాళ్లావిడ దుకాణానికి వచ్చింది. "మీ సారు ఊకె అలిసిపోతున్నడు బిడ్డా, బలానికేమన్న ఇయ్యి" అంది. ఒక విటమిను గోలీల పట్టీ చేతిలో పెట్టాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పాను కూడా. నా దుకాణంలో అంత సిగ్గుమాలిన బేరం నేనెప్పుడూ చేయలేదు.

సారుకు పదకొండు దినాలు అయ్యాక ఆమె దగ్గరకు పోయాను. ఇల్లు ఖాళీ అయింది, బంధువులు వెళ్లిపోయారు. "మీతోని సముద్రం కాడికి వచ్చినప్పుడు మంచిగనే ఉండెనా?" అని ఆమే అడిగింది. అంతా చెప్పేశాను. గోలి, ఒట్టు, విటమిను పట్టీ, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నీకు చెప్పిండు" అంది. "నలభై ఏండ్లు వండి పెట్టిన. నాకు చెప్పలే."

"చెప్పలేదమ్మా. నేనే చూసిన."

"చూసే కాడ నువ్వున్నవు. నన్ను ఉండనియ్యలే."

లేచి పోదామనుకుంటుంటే ఆమె, "ఆ ఇసుకల ఎట్ల కూసున్నడో చూపియ్యి" అంది.

కుర్చీ దిగి గచ్చు మీద కూర్చున్నాను. మోకాళ్లు ముడుచుకుని, ఎడమ చెయ్యి ఛాతీకి అడ్డంగా పెట్టుకుని, తల కొంచెం వంచాను. ఆమె వచ్చి నా ఎదురుగా కింద కూర్చుని చూడడం మొదలుపెట్టింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆమె లేవమనలేదు. నేను లేవలేదు.