పెరుగు గడ్డ విరగని జీపు

అవనిగడ్డ దాటి దివిసీమ డొంకల్లోకి జీపు తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, మాలాగా చేసిన పనే మళ్ళీ చేయకుండా మొదటిసారికే గట్టెక్కుతారని ఇది రాస్తున్నాను. ప్రయాణాలంటే నాకు సరదా లేదు. రైల్లో పక్కవాడు గట్టిగా మాట్లాడినా ఒళ్ళు మండే మనిషిని. మా సుబ్బమ్మత్తయ్య కన్ను కోసం కాకపోతే గుడివాడ వదిలి కదిలేవాణ్ణే కాదు.

సుబ్బమ్మత్తయ్య మా నాన్న చెల్లెలు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. కోడూరు అవతల, సముద్రం గాలి తగిలే ఊళ్ళో ఉంటుంది. అంతకు కొన్నేళ్ళ క్రితం ఆవిడ ఎడమ కంటికి శుక్లం తీశారు. ఆపరేషను బాగానే జరిగింది. తల కదపొద్దని డాక్టరు చెప్పి పంపించాడు. అవనిగడ్డ నుంచి ఊరికి ఎడ్లబండి తప్ప దారి లేదు. పొలాల మధ్య మట్టి డొంకలో ఆ బండి కుదుపులకు కట్టు లోపలే రక్తం వచ్చి కన్ను పోయింది. ఇప్పుడు కుడి కంటికీ శుక్లం ముదిరింది. ఇంకా ఆగితే అదీ దక్కదని బందరు డాక్టరుగారు కబురు చేశారు. డొంక ఎండేదాకా ఆగుదామంటే కుదరదు. నలుగురితో మంచం మీద మోయిస్తానన్నాను. "నేనింకా చావలేదురా" అని కబురంపింది అత్తయ్య.

అందుకని దేవదానం బావను పట్టుకున్నాను. మేమిద్దరం ఒకే బళ్ళో పంతుళ్ళుగా పనిచేశాం. వాళ్ళు క్రైస్తవులు, మేం కమ్మవాళ్ళం, చుట్టరికం ఏమీ లేదు, అయినా ఇరవై ఏళ్ళుగా ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆయన యుద్ధంలో మిలిటరీ లారీలు నడిపి వచ్చాడు. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపు ఒకటి కొని బందరులో ఒక షెడ్డులో ఉంచాడు. ఆ జీపును డొంకకు తగ్గట్టు ఎత్తు చేయించి, అత్తయ్యను బందరు తీసుకురావాలన్నది మా ఆలోచన.

కార్తీకమాసం, పొద్దున్నే గుడివాడలో బందరు రైలు ఎక్కాం. బండి ఎలాగూ ఆలస్యమే కాబట్టి స్టేషను బయట ఇడ్లీ తిని నింపాదిగా ఎక్కొచ్చు. గుడ్లవల్లేరులో ఒక పెద్దాయన తమలపాకుల బుట్టతో ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. మా మాటలు కాసేపు విని, "డొంకకు జీపెందుకండీ, మా ఎడ్లబండి వెళ్ళని డొంక ఉందా?" అన్నాడు. నాకు చిర్రెత్తింది గానీ దేవదానం బావ కళ్ళు మెరిశాయి. "నిజమే బావా. బండి ఎంత ఎత్తో జీపునీ అంత ఎత్తు చేయిస్తే సరి!" అన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి బండి కొలతే కొలత మరి. తమలపాకుల పెద్దాయన పెడనలో దిగిపోయాడు, మేం మాత్రం బందరు చేరేదాకా ఆ లెక్కలోనే ఉన్నాం.

బందరులో షెడ్డు మేస్త్రీ మస్తాన్ ఉత్సాహం ఉన్న మనిషి. వీధిలో పోతున్న బండిని ఆపి, నేలకూ మనిషి కూర్చునే చోటికీ మధ్య ఎత్తు తాడుతో కొలిచాం. బండివాడు మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశాడు. మస్తాన్ ఆ తాడు జీపు పక్కన పట్టుకుని, "లారీ కమాన్ పట్టీలు వేద్దామండీ. ఇక చూస్కోండి, ఏనుగులాగా నిలబడుద్ది" అన్నాడు. జీపు కింద వంగిన ఇనుప పట్టీల కట్టలుంటాయి, వాటినే కమాన్లంటారు. బరువునీ కుదుపునీ మోసేవి అవే. మస్తాన్ ఒక్కో కట్టకూ అదనంగా లారీ పట్టీలు చేర్చాడు. జీపు నిజంగానే ఏనుగులా లేచింది. టైర్లు పాతవే ఉంచాం, పెద్దవి ఎందుకన్నాడు బావ. నేనూ సరేనన్నాను. ఆ రాత్రికి బందరులో చుట్టాలింట్లో పడుకున్నాం.

మర్నాడు తెల్లవారి బయలుదేరాం. చల్లపల్లిలో భోజనం చేయడం మంచిది, అది దాటితే అవనిగడ్డ దాకా మంచి హోటలు లేదు. మాకు వంకాయ కూర, గోంగూర, గడ్డ పెరుగు దొరికాయి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి అవనిగడ్డ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కోడూరు దాకా రోడ్డే, ఏ ఇబ్బందీ లేదు. కోడూరు దాటాక డొంక మొదలైంది.

అటూ ఇటూ పొట్టకొచ్చిన వరి. మధ్యలో నల్ల బురద. బండి చక్రాలు తొక్కి తొక్కి రెండు లోతైన గాడులు, వాటి మధ్య వీపులా లేచిన మట్టి కట్ట. దేవదానం బావ గాడుల్లో చక్రాలు దింపి ధైర్యంగా పోనిచ్చాడు. కొంత దూరం వెళ్ళేసరికి కింద ఏదో గరగరమని రాసుకుంది, జీపు ఆగిపోయింది. చక్రాలు బురద చిమ్ముతూ తిరుగుతున్నాయి, జీపు మాత్రం కదలదు. దిగి వంగి చూశాను. వెనక ఇరుసు మధ్యలో ఉండే ఇనుప గుండు ఆ మట్టి కట్ట మీద కూర్చుంది.

నాకప్పుడు తెలిసింది మేం చేసిన తెలివితక్కువ పని. కమాన్లు ఎత్తితే జీపు ఒళ్ళు లేచింది గానీ ఇరుసు లేవలేదు. ఎత్తు టోపీ పెట్టుకున్నంత మాత్రాన కాలవలో నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగవు కదా. ఎడ్లబండి డొంక దాటేది కూర్చునే చోటు ఎత్తుగా ఉండి కాదు, చక్రం పెద్దది కావడం వల్ల. ఇద్దరం బండ్ల మధ్య పుట్టి పెరిగాం, కొలవాల్సిన చక్రాన్ని వదిలేసి పైనున్న పలకను కొలిచాం. గడ్డి మోపులు వేసుకుని వస్తున్న ఒక రైతు తన ఎడ్లు కట్టి మా జీపును లాగాడు. "బందరు నుంచి ఇంత ఎత్తు చేయించుకొచ్చారా? మా ఎడ్లకు పని తగ్గుద్దనుకున్నాం" అని నవ్వాడు. దేవదానం బావ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

అత్తయ్య అరుగు మీదే కూర్చుని ఉంది. చప్పుడు విని, "వచ్చావురా?" అంది. చప్పుడు వచ్చిన వైపు తల తిప్పిందే గానీ నా ముఖం వైపు చూడలేదు. చేత్తో తడిమి నా చెంప నిమిరింది. వయసులో ఉండగా ఒంటిచేత్తో పాడి చూసుకున్న మనిషి, ఇప్పుడు చెంబు ఎక్కడుందో తడుముకుంటోంది. మాకు అన్నం పెట్టించి, విషయమంతా వింది.

"ఆ కన్ను పోయింది డాక్టరు వల్ల కాదురా, దారి వల్ల. ఈ కన్నూ దారిలోనే పారేసుకోమంటావా?" అంది.

"ఇది ఎడ్లబండి కాదత్తయ్యా, కింద కమాన్లున్నాయి" అన్నాను.

"ఉంటే మంచిదే. రాత్రి ముంతలో పాలు తోడు పెట్టిస్తాను. పొద్దున ఆ ముంత ఒళ్ళో పెట్టుకుని కోడూరు దాకా వెళ్ళి రా. గడ్డ విరక్కుండా వస్తే నేనూ వస్తాను. విరిగిందా, ఈ చూపుతోనే సరిపెట్టుకుంటాను."

మా వైపు ఆడవాళ్ళకు ఇది కొత్త పరీక్ష కాదు. పుట్టింటికి గడ్డ పెరుగు తీసుకెళ్ళేటప్పుడు ఏ బండివాడు మెల్లగా తోలతాడో వాళ్ళకు ముంతే చెబుతుంది. పొద్దున పెరుగు గట్టిగా, మీగడ కట్టి తోడుకుంది. ముంతను పసిపిల్లలా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. దేవదానం బావ పొలంగట్ల పక్కగా, కట్ట తగలకుండా మెల్లగా నడిపాడు. కానీ ఆ లారీ పట్టీలకు మా బరువొక బరువు కాదు. అవి వంగితేగా! చిన్న గోతికి కూడా జీపు ఎగిరి పడింది. ఊరు చేరాక అత్తయ్య ముంతలో వేలు ముంచి, నోట్లో పెట్టుకుంది. "చల్ల చేసుకొచ్చావు. కవ్వం అక్కర్లేకుండా పోయింది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ మాట మార్చదు, నాకు తెలుసు.

తిరిగి బందరు. దారిపొడుగునా నేను మస్తాన్ని తిడుతూనే ఉన్నాను, దేవదానం బావ వింటూనే ఉన్నాడు. చల్లపల్లి దగ్గర మాత్రం, "మస్తాన్‌కి తాడు పట్టి చూపించింది మనమే బావా" అన్నాడు. దాంతో నోరు మూసుకున్నాను.

ఈసారి లారీ పట్టీలన్నీ పీకించాం, జీపు సొంత పట్టీలే ఉంచాం. బెజవాడ నుంచి పెద్ద టైర్లు తెప్పించాం, లోతు పళ్ళవి, పాతవాటి కంటే బాగా ఎత్తువి. వాటితో ఇరుసే పైకి లేచింది. అయితే చక్రం తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటున్నాయి. ఆ మేరకు జీపును కొద్దిగా ఎత్తాలి. పట్టీలు పెంచకుండా, అవి వేలాడే కొక్కేలు కాస్త పొడుగువి చేసి బిగించాడు మస్తాన్. అంతే, అంతకు మించి ఎత్తొద్దు. చూసేవాళ్ళకు దర్జాగా ఉంటుంది గానీ డొంకలో ఒరిగిపోతుంది. కోడూరు దాటాక బావ మరో పని చేశాడు. నాలుగు టైర్లలోనూ గాలి సగానికి పైగా వదిలేశాడు. టైర్లు పొట్ట ఉబ్బినట్టు నేలకు పరుచుకున్నాయి. గాడిలో జారలేదు, కట్ట తగల్లేదు, గోతులు ఉన్నాయో లేవో అన్నట్టు వెళ్ళాం. మొన్నటి రైతే గట్టు మీద నుంచి చూసి, "ఈసారి మా ఎడ్లు వద్దా?" అని కేకేశాడు. మేం చేతులూపాం.

మళ్ళీ ముంత, మళ్ళీ కోడూరు. అత్తయ్య వేలు ముంచకుండా ముందు ముంతను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తర్వాత వేలితో మీగడ తడిమింది. పక్కన కొద్దిగా నీరు ఊరింది గానీ గడ్డ గడ్డగానే ఉంది. "పద" అంది. ఒక్క మాటే. అప్పుడు నేను పీల్చిన గాలి ఇప్పటికీ గుర్తుంది.

బండి ఎక్కించినట్టే జీపును అరుగుకు ఆనించి, ఇద్దరం చెయ్యి పట్టుకుని ఎక్కించాం. బందరులో ఆపరేషను సజావుగా జరిగింది. తల కదలకుండా అటూ ఇటూ ఇసక మూటలు పెట్టి పడుకోబెట్టారు. నన్నూ కదలొద్దన్నట్టు మంచం పక్కనే కూర్చోబెట్టింది అత్తయ్య. కట్టు విప్పినప్పుడు డాక్టరుగారి వేళ్ళు లెక్కపెట్టింది. కానీ క్రితంసారి కూడా లెక్కపెట్టాకే మళ్ళీ కట్టు కట్టి పంపారు. భయమంతా దారిదే. ఇంటికి చేరి, ఎండ తగ్గాక కంటి మీది ఆకుపచ్చ బట్ట తియ్యమని డాక్టరుగారు చెప్పారు.

ఇంటికి వెళ్ళే దారంతా అత్తయ్య తల నా భుజం మీద ఉంది. డొంకలోకి దిగాక బావ ప్రతి గాడినీ అడిగి అడిగి దిగినట్టు దింపాడు. సాయంత్రానికి అరుగు మీద కూర్చోబెట్టాం. బట్ట నేనే తీశాను. ఆవిడ కన్ను తెరిచి, ఆర్పి, మళ్ళీ తెరిచింది. నా వెనక ఎటో చూస్తోంది.

"అత్తయ్యా, ఏమన్నా కనిపిస్తోందా?" అన్నాను.

"అదేనా మీ జీపు?"

"అదే."

"ఇంత ఎత్తా! ముందే కనపడి ఉంటే చచ్చినా ఎక్కేదాన్ని కాదురా."

అరుగు మీదే కూలబడి ఏడ్చేశాను. అత్తయ్య నన్ను తిట్టింది, ఏడిస్తే ఎవరికి లాభం అంది. దేవదానం బావ జీపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు, ప్రార్థన చేసుకున్నాడో కళ్ళు తుడుచుకున్నాడో నేను అడగలేదు.

మర్నాడు ఖాళీ జీపులో తిరిగి వచ్చాం. కోడూరులో టైర్లకు గాలి నిండా కొట్టించాడు బావ. ఇక అక్కడి నుంచి గుడివాడ దాకా గొయ్యి వచ్చినప్పుడల్లా నా నెత్తి పైకప్పు గుడ్డకు తగిలింది. ఒక్కసారి కూడా నాకు కోపం రాలేదు.