ఎనిమిదా, బీయా?

మా తాత మొగులయ్య పటాన్‌చెరు దగ్గర ఓ యూనివర్సిటీలో అటెండరు. మీసం బారెడు, చదువు జానెడు. 2007లో అక్కడ వైఫై పెట్టారు. విద్యార్థులు తెచ్చిన, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన ల్యాప్‌టాప్ నంబరును తాత రిజిస్టరులో సరిగ్గా ఎక్కిస్తేనే వాళ్లకు నెట్ వచ్చేది. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది పదో తరగతి తప్పిన నేనే.

"బీ అన్నా ఎనిమిదన్నా ఒకటే తాతా, ఏది రాసినా నడుస్తది" అని ఓరోజు ఆటపట్టించాను. నమ్మేశాడు.

తాత బీకి బదులు ఎనిమిది రాయడంతో ఫకృన్నీసా అనే అమ్మాయికి రెండు రోజులు నెట్ రాలేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు దాటిపోయింది. తాత ఆమెకు చేతులు జోడించాడు.

"నా కండ్లే మసకైనయి బిడ్డా, తప్పు నాదే."

అన్నం డబ్బా తెచ్చి పక్కనే నిలబడ్డ నేను డబ్బా అక్కడే పెట్టి జారుకున్నాను.

సాయంత్రం తాత ఇంకో విద్యార్థి నంబరున్న కొత్త చీటీ నా ముందు పెట్టాడు.

"ఇగ జెర నిజం చెప్పురా. ఇది బీయా, ఎనిమిదా?"

"బీ, తాతా" అన్నాను. తల మాత్రం ఎత్తలేకపోయాను.