రెండు ఐసు గడ్డలు, ఒక నీలం డ్రమ్ము

బతికుండగానే తన చావుకు వచ్చినవాళ్ల మాటలు వినే అదృష్టం అందరికీ పట్టదు. నాకు పట్టింది. అదీ ఒక్క చెడ్డీ మీద, మెడ దాకా ఐసు నీళ్లలో కూర్చుని. ఇందులో ఎవరి తప్పూ లేదు, పూర్తిగా నా తెలివే.

అప్పుడు నాకు ముప్ఫై ఆరేళ్లు. వరంగల్ నుంచి మేడ్చల్‌కు బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. నర్సవ్వ అనే పెద్దామె ఇంట్లో పై పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. ఆ ఎనిమిది నెలల్లో నా మెట్లెక్కి వచ్చింది కరెంటు బిల్లు కొట్టేవాడొక్కడే. అతను కూడా మూడో నెల నుంచి కిందే ఇచ్చి పోవడం మొదలుపెట్టాడు. నవ్వకండి, అప్పుడప్పుడూ ఫ్రిజ్‌తో మాట్లాడేవాణ్ణి.

మనుషుల కోసమే సైకిల్ కొన్నాను. ఆరోగ్యం కోసమని ఆఫీసులో చెప్పాననుకోండి. ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక సైకిల్ గుంపు మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు దాకా పోయి, అక్కడ చాయ్ తాగి తిరిగి వస్తుంది. నాకు కావలసింది ఆ చాయ్. కానీ నేను రొప్పుకుంటూ చేరేసరికి వాళ్ల గ్లాసులు ఖాళీ అయ్యేవి. "మెల్లగ రా అన్నా" అని ప్రేమగా చెప్పి, హెల్మెట్లు పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. నేను చెరువుకేసి చూస్తూ ఒక్కణ్ణే తాగేవాణ్ణి. వరసగా ఏడు ఆదివారాలు ఇదే కథ.

వారమంతా తొడలు పట్టేసే ఉంటున్నాయని గుంపు పెద్ద సుధాకర్‌తో మొరపెట్టుకున్నాను. "తొక్కొచ్చినంక సల్ల నీళ్లల్ల జరసేపు కాళ్లు పెట్టుకొని కూసో అన్నా, తేలికైతయ్" అన్నాడు. ఆయన చెప్పింది ఒక బకెట్టు నీళ్లు. నేను ఊరుకుంటానా? ఫోన్‌లో వీడియోలు చూశాను. పెద్ద పెద్ద రేసుల వాళ్లు ఐసులో మెడ దాకా మునిగి కూర్చున్నారు. కాళ్లు ముంచితేనే తేలికైతే, మనిషినే ముంచితే గుంపుకు ముందే చాయ్ కొట్టు చేరొచ్చని నా లెక్క.

ఎనిమిదో ఆదివారం గోడ పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ ఇంటికెక్కాను. వాకిట్లో చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న నర్సవ్వ ఏమైందని అడిగితే, ఏం లేదన్నాను. పైకి పోయి ఐసు కొట్టుకు ఫోన్ చేసి, రెండు గడ్డలు తెచ్చి పై మెట్టు మీద పెట్టి పొమ్మన్నాను.

మన దగ్గర పెళ్లి లేని ఇంటికి ఐసు గడ్డలు వస్తే ఏమిటర్థం? దూరపు చుట్టాలు వచ్చేదాకా పోయిన మనిషిని ఉంచేది వాటి మీదే. ఈ సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. మా తాత పోయినప్పుడు తెచ్చింది నేనే. కానీ ఆ పూట నా బుర్రలో తొడలు తప్ప ఇంకేమీ లేవు.

ఐసు తెచ్చిన ఆటోవాణ్ణి నర్సవ్వ ఆపి అడిగిందట. పై పోర్షన్‌కే, ఎవరో ఫోన్ చేశారని అతను చెప్పాడట. పైన ఉండేది ఒక్కడు. ఆ ఒక్కడూ గంట కిందట గోడ పట్టుకుని ఎక్కాడు. ఇంకేం కావాలి?

నేను మాత్రం గడ్డల్ని బాత్‌రూంలోకి ఈడ్చి, సైకిల్ పానాతో పగలగొట్టి, నీళ్లు పట్టి ఉంచిన నీలం డ్రమ్ములో వేసుకుని దిగాను. మొదటి నిమిషం ప్రాణం పోయినంత పనైంది. ఐదో నిమిషానికి అలవాటైంది. పదో నిమిషంలో లేవబోతే కాళ్లు నా మాట వినలేదు. ముడుచుకున్న మోకాళ్లు డ్రమ్ముకు బిగుసుకుపోయాయి. ఫోన్ మంచం మీద ఉంది. చేతిలో ఉన్నా ఎవరికి చేయాలో తెలిసేది కాదు.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. పది మంది పైనే ఉంటారు. తీసి ఉన్న తలుపులోంచి ముందు గదిలోకి వచ్చారు.

"ఆయన పేరేంది?" అని ఎవరో అడిగారు.

"ఏమో. అద్దెకొచ్చిననాడు చెప్పిండు గని యాదికి లేదు. సైకిల్ సార్ అంటం" అంది నర్సవ్వ.

"ఎవలకన్న చెప్పాలె గదా."

"ఎవలున్నరో ఏమో. ఎన్నడు ఒక్కలు రాంగ సూడలే." మళ్లీ ఆమే అంది: "రోజు మెట్లెక్కేటప్పుడు నా తలుపు దిక్కు సూస్తుండె. నేనన్న పిలిచి ఒక్కనాడు చాయ్ పోయకపోతి."

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. నేను అప్పుడే అరవాల్సింది. కానీ నా గురించి నలుగురు మాట్లాడుకోగా విని ఎన్నాళ్లైందో. ఇంకో రెండు మాటలు వింటే ఏం పోతుందని నోరు మూసుకున్నాను. కళ్లు కూడా మూసుకున్నాను, ఎందుకంటే ఏడుపొచ్చింది. ఆ డ్రమ్ములో వెచ్చగా ఉన్నవి ఆ కన్నీళ్లే.

నేల మీద తడి జాడ పట్టుకుని నర్సవ్వ బాత్‌రూం తలుపు తోసింది. ఐసు ముక్కల మధ్య కళ్లు మూసుకున్న నా తల కనిపించింది. ఆమె ఏడుపు అందుకుంది. ఇక లాభం లేదని కళ్లు తెరిచాను. పళ్లు టకటకమంటుండగా నోటికొచ్చింది ఒకటే మాట.

"అవ్వా, నా పేరు శ్రీధర్."

వెనకాల ఉన్నాయన చేతిలోని పూలదండ డ్రమ్ములో పడింది.

నలుగురు మగవాళ్లు డ్రమ్మును పక్కకు ఒరిగించి నన్ను బయటకు లాగారు. నర్సవ్వ పావుగంట తిట్టింది. తిడుతూనే పెద్ద గిన్నెడు చాయ్ పెట్టింది. చావుకు వచ్చినవాళ్లంతా నా మెట్ల మీద వరసగా కూర్చుని తాగారు. దుప్పటి కప్పుకుని నేనూ వాళ్ల మధ్యే కూర్చున్నాను. దండ వృథా పోకుండా సైకిల్‌కు వేశారు.

ఐసు మహిమ అడుగుతారేమో. తర్వాతి ఆదివారం కూడా నేనే ఆఖరు, పైగా జలుబు. గుంపు వెళ్లిపోయింది. చెరువు దగ్గర ఒక్కణ్ణే చాయ్ గ్లాసు అందుకోబోతుంటే ఫోన్ మోగింది.

"ఏడున్నవ్ సీదరు? చాయ్ పెట్టిన. ఆడ తాగకు."

గ్లాసు ముట్టకుండా సైకిలెక్కాను. ఆ చెరువు సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో నా ఇంటికి నేను ఐసు తెప్పించను, నిమ్మరసంలోకైనా సరే. కనుక ఇకమీదట మా ఇంటి ముందు ఐసు ఆటో ఆగితే, అది నిజమేనని నమ్మవచ్చు. పేరు మాత్రం ఎవరూ అడగనక్కర్లేదు.